ఏం బాధ అని కాదు, ఏం మానేశారని అడగండి

మా నాన్న మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం ఎప్పుడు మొదలుపెట్టారో ఇంట్లో ఎవరికీ తెలియదు. మెట్ల మలుపు దగ్గర చిన్న కిటికీ ఉంది. పైకొస్తూ అక్కడ ఆగి బయటికి చూసేవారు. ఆయనకదో అలవాటు అనుకున్నాం. ఒకరోజు ఆయన వెనకాలే ఎక్కుతూ నేనేదో అడిగాను. జవాబు రాలేదు. కిటికీ చువ్వ పట్టుకుని నిలబడి, నా వైపు తిరక్కుండానే, ఆగమన్నట్టు చూపుడువేలు పైకెత్తారు. ఆ వేలు అలా గాల్లోనే ఉండిపోయింది. అరనిమిషం పైనే అయ్యుంటుంది. తర్వాత మామూలుగా "ఏంటి, ఏమన్నావ్?" అన్నారు. ఆ కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ ఒక్కటే. అన్నాళ్లూ ఆయన చూస్తూ నిలబడింది ఆ గోడనే.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. "ఏమైనా బాధ ఉందా?" అని అడిగారు. "ఏం లేదండీ, బాగానే ఉన్నాను" అన్నారు నాన్న. బీపీ చూశారు, షుగర్, కొలెస్ట్రాల్ చూశారు, ఈసీజీ తీశారు. పెద్ద తేడాలేం లేవన్నారు. డెబ్బై దాటాక ఆ మాత్రం ఆయాసం మామూలే అన్నారు. మేమూ హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేశాం. అలా తొమ్మిది నెలలు గడిచిపోయాయి. ఆ డాక్టర్ మెడలో స్టెతస్కోప్ ఉంది. దాన్ని నాన్న ఛాతీ మీద మాత్రం పెట్టలేదు. బయట రోగులు బారులు తీరి ఉన్నారన్నది నిజమే, ఒక్కొక్కరికి ఆయన ఇవ్వగలిగింది నాలుగు నిమిషాలే అన్నదీ నిజమే. అయినా స్టెతస్కోప్ పెట్టి వినడానికి పట్టే ఆ ఒక్క నిమిషం విషయంలో నేను రాజీ పడలేకపోతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

నాన్న అబద్ధం చెప్పలేదు. ఆయనకి నిజంగానే బాధ లేదు. బాధ కలిగించే పనులన్నీ ఒక్కొక్కటిగా మానేశారు కాబట్టి లేదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా, అమ్మని కూర్చోబెట్టి అడిగాక తెలిసింది. సాయంత్రం స్నేహితులతో నడకకి వెళ్లడం మానేశారట, వాళ్లు మరీ వాగుతున్నారని చెప్పి. అసలు సంగతేమిటంటే, నడుస్తూ మాట్లాడటం ఆయన వల్ల కావడం లేదు. మనవరాలిని ఎత్తుకోవడం మానేశారు, పిల్ల బరువెక్కిందని. తల కింద దిండు ఒకటల్లా రెండయింది. ప్యాంటు వేసుకోవాలంటే మంచం మీద కూర్చుంటున్నారు. దేనికి దానికి ఓ కారణం ఉంది, ప్రతి కారణమూ నమ్మేలాగే ఉంది. అన్నీ ఒకచోట రాసి చూస్తే తప్ప అదొక జబ్బు అని, అదీ గుండె వాల్వు జబ్బు అని తట్టదు.

గుండె అనగానే మనందరికీ గుర్తొచ్చేది రక్తనాళాలు. బ్లాకులు, స్టెంట్లు, బైపాస్. ఎవరికైనా గుండె జబ్బు అని తెలిస్తే మొదటి ప్రశ్నే "ఎన్ని బ్లాకులు?" అని. ఆ నాళాలు గుండె కండరానికి తిండి పెడతాయి. అవి ముఖ్యం కావని కాదు. కానీ గుండె ఒక పంపు. పంపులో వాల్వు సరిగా లేకపోతే మోటారు ఎంత బలంగా తిరిగినా నీళ్లు వెళ్లాల్సిన చోటికి వెళ్లవు. ఇంత మామూలు విషయాన్ని గుండె దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

స్కూల్లో అందరం చదువుకున్నదే. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఒంట్లో తిరిగి వచ్చిన రక్తం కుడి కర్ణికలోకి చేరి, ట్రైకస్పిడ్ వాల్వు దాటి కుడి జఠరికలోకి, అక్కణ్నుంచి పల్మనరీ వాల్వు దాటి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకుని ఎడమ కర్ణికకి వస్తుంది. మైట్రల్ వాల్వు దాటి ఎడమ జఠరికలోకి, అయోర్టిక్ వాల్వు దాటి బృహద్ధమనిలోకి, అక్కణ్నుంచి ఒళ్లంతా. మైట్రల్‌కి తలుపు రెక్కల్లాంటి రేకులు రెండు, మిగతా మూడింటికీ మూడేసి. బీపీ కొలిచే లెక్కలో చెప్పాలంటే కుడి జఠరిక పాతిక దాకా ఒత్తిడితో నెడితే సరిపోతుంది, ఎడమది 120తో నెట్టాలి. ఎడమ పక్క వాల్వులే ఎక్కువగా చెడిపోతుంటాయంటే ఆ బరువు కూడా ఒక కారణం.

పాఠంలో చెప్పనిది ఒకటుంది. ఈ తలుపుల్ని తెరిచే కండరమంటూ ఏదీ లేదు. ఇటుపక్క ఒత్తిడి అటుపక్క కంటే ఎక్కువైతే తెరుచుకుంటాయి, తక్కువైతే మూసుకుంటాయి. అంతే. మైట్రల్ వాల్వు రేకుల అంచులకి సన్నటి దారాలుంటాయి. ఆ దారాలు కింద జఠరిక గోడలోని చిన్న కండరాలకి కట్టి ఉంటాయి. వాటి పని తలుపు తెరవడం కాదు. జఠరిక బిగుసుకున్నప్పుడు ఆ జోరుకి రేకులు, గాలివానలో గొడుగు వెనక్కి విరుచుకున్నట్టు, కర్ణికలోకి తిరగబడకుండా పట్టి ఉంచడం. ఒక్క దారం తెగినా చాలు, ఆ రేకు అంచు అటు వాలిపోతుంది, రక్తం వెనక్కి చిమ్ముతుంది.

అయోర్టిక్ వాల్వుకి దారాలు కూడా లేవు. మూడు రేకులు, వాటి వెనక బృహద్ధమని గోడలో మూడు చిన్న సంచుల్లాంటి ఉబ్బులు. రక్తం బయటికి దూసుకెళ్తూ ఆ ఉబ్బుల్లో సుళ్లు తిరుగుతుంది. రేకులు సాఫీగా మూసుకోవడానికి ఆ సుళ్లే సాయపడతాయని లియొనార్డో డావిన్చీ 1513 ప్రాంతంలోనే బొమ్మలు గీసి రాసుకున్నాడు. ప్రయోగాలతో అది రుజువైంది మాత్రం 20వ శతాబ్దంలో. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే కరొనరీ నాళాలు మొదలయ్యేది కూడా ఆ ఉబ్బుల్లోంచే. ఈ వాల్వు ఇరుకైనవాళ్లకి, ఆ నాళాల్లో ఒక్క బ్లాకు లేకపోయినా ఛాతీ నొప్పి రావచ్చు. గట్టిగా నెట్టి నెట్టి లావెక్కిన కండరానికి ఎక్కువ రక్తం కావాలి, అందేది చాలదు.

ఈ రేకు మందం మిల్లీమీటరు లోపే. నిమిషానికి 72 సార్లు అనుకుంటే రోజుకి లక్షకి పైగా, ఏడాదికి దాదాపు 3.8 కోట్లు, డెబ్బై ఏళ్లకి 260 కోట్లకి పైగా తెరుచుకుని మూసుకుంటుంది. ఒక్కరోజు సెలవు లేదు. ఇది చదివాక నాకు వాల్వు ఎందుకు చెడిపోతుంది అన్న అనుమానం పోయింది. ఇన్నాళ్లు ఎలా నిలిచింది అన్న ఆశ్చర్యం మిగిలింది.

మనం 'లబ్ డబ్' అంటామే, అది కండరం చేసే చప్పుడు కాదు. మైట్రల్, ట్రైకస్పిడ్ మూసుకున్నప్పుడు లబ్. అయోర్టిక్, పల్మనరీ మూసుకున్నప్పుడు డబ్. ఆ రెంటి మధ్యా నిశ్శబ్దం ఉండాలి. తలుపు సందు ఇరుకైనా, సరిగా మూసుకోకపోయినా ఆ నిశ్శబ్దంలో ఒక రొద వినిపిస్తుంది. దాన్నే డాక్టర్లు మర్మర్ అంటారు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించి విన్నప్పటి నుంచీ ఈ విద్య ఉంది.

రెండో డాక్టర్ నాన్న చొక్కా విప్పించారు. రొమ్ము ఎముకకి కుడిపక్క, పైన ఒకచోట స్టెతస్కోప్ పెట్టి కళ్లు మూసుకున్నారు. తర్వాత మెడ దగ్గర పెట్టారు. నాన్నని ఊపిరి బిగబట్టమన్నారు. నా మొహం చూసి ఏమనుకున్నారో, ఆ గొట్టాలు నా చెవుల్లో పెట్టారు. లబ్‌కీ డబ్‌కీ మధ్య, ఎండుకర్ర మీద రంపం లాగుతున్నట్టు గరగరమని చప్పుడు. డబ్ అసలు వినిపించనే లేదు. చదువుకోని చెవికి కూడా తెలిసిపోయేంత చప్పుడది. తొమ్మిది నెలల క్రితం కూడా అది అక్కడే ఉండి ఉండాలి.

శబ్ద తరంగాలతో గుండెని తెర మీద చూపించే ఎకో పరీక్షలో తేలింది. అయోర్టిక్ స్టెనోసిస్, అంటే అయోర్టిక్ వాల్వు ఇరుకైపోవడం. తెరుచుకున్నప్పుడు మూడు నుంచి నాలుగు చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన దారి 0.7కి వచ్చేసింది. నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఒకటిన్నర మీటరు లోపు వేగంతో పోవాల్సిన రక్తం సెకనుకి నాలుగున్నర మీటర్ల వేగంతో చిమ్ముతోంది. నాలుగు దాటితేనే తీవ్రమైనదని లెక్క. తెర మీద ఆ రేకులు తెల్లగా, మొద్దుగా, కదలీ కదలనట్టు కనిపించాయి. కాల్షియం పేరుకుంది. కాల్షియం మాత్రలు వేసుకున్నందుకా అని అమ్మ భయపడింది. తిన్న కాల్షియం పోయి అక్కడ కూర్చోదు. ఏళ్ల తరబడి ఒత్తిడికి దెబ్బతిన్న రేకులోని కణాలు ఎముకలో కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. దాన్ని ఆపే మాత్ర ఇప్పటిదాకా లేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లతో పెద్ద పరీక్షలే చేశారు, వాల్వు దగ్గర అవి పనిచేయలేదు.

నన్ను బాగా కలవరపెట్టింది గుండె ఈ సంగతిని దాచిన తీరు. దారి ఇరుకయ్యేకొద్దీ ఎడమ జఠరిక గోడ లావెక్కుతుంది, మరింత గట్టిగా నెడుతుంది. చేతికి పట్టీ చుట్టి చూస్తే బీపీ 130 ఉంటుంది, లోపల జఠరిక 200కి దగ్గరగా నెడుతూ ఉండొచ్చు. కొలిచే పరికరం ఉన్నది తలుపుకి ఇవతల, అవస్థ ఉన్నది అవతల. అలా ఏళ్లకేళ్లు నెట్టుకొస్తుంది. ఇక నెట్టలేనని చేతులెత్తేసిన రోజున మూడింట్లో ఏదో ఒకటి బయటపడుతుంది. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఆయాసం. ఆ తర్వాత ఎంత కాలం అన్నది 1968లో రాస్, బ్రాన్‌వాల్డ్ అనే ఇద్దరు వైద్యులు లెక్కగట్టారు. వాల్వు మార్చకపోతే నొప్పి మొదలయ్యాక సగటున ఐదేళ్లు, స్పృహ తప్పడం మొదలయ్యాక మూడేళ్లు, గుండె అలిసిపోయి ఆయాసం వచ్చాక రెండేళ్లు. ఆ అంకెలు చదివిన రాత్రి నేను రెండేళ్లలోంచి తొమ్మిది నెలలు తీసేసి చూసుకున్నాను. ఆ కిటికీ దగ్గర ఆగడం ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి ఆ తీసివేత కూడా పూర్తిగా రాలేదు.

లీకు జబ్బులో మోసం ఇంకో రకం. మైట్రల్ వాల్వు సరిగా మూసుకోకపోతే ప్రతి దెబ్బకీ కొంత రక్తం వెనక్కి కర్ణికలోకి పోతుంది. జఠరిక సాగి పెద్దదవుతుంది. రిపోర్టులో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది చూడండి, గుండె ఒక దెబ్బకి ఎంత శాతం రక్తాన్ని బయటికి పంపుతోందో చెప్పేది. తీవ్రమైన లీకు ఉన్న మనిషికి కూడా అది 65 రావచ్చు. "పంపింగ్ బ్రహ్మాండంగా ఉంది" అని సంబరపడతాం. కానీ ఆ లెక్కలో వెనక్కి పోయిన రక్తం కూడా కలిసే ఉంటుంది. వెనకదారి సులువు కాబట్టి గుండె ఖాళీ కావడం బాగానే జరుగుతుంది. అందుకే తీవ్రమైన మైట్రల్ లీకులో ఈఎఫ్ 60కి దిగినా చాలు, డాక్టర్లు ఆపరేషన్ మాట ఎత్తుతారు. మామూలు గుండెకి 60 మంచి అంకే. ఒకే అంకె, రెండు గుండెల్లో రెండు అర్థాలు.

ఇదంతా ముసలితనం జబ్బు అనుకునేవాళ్లకి ఒక మాట. ఎకో గది బయట మా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. పాతికేళ్లు కూడా ఉండవు, ఆరో నెల. గర్భంతో ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఆ వరద వచ్చాకే ఆమె మైట్రల్ వాల్వు ఇరుకుగా ఉందని తెలిసింది. పక్కనున్న వాళ్లమ్మ చెప్పింది, పదేళ్లప్పుడు పిల్లకి గొంతునొప్పి వచ్చి తగ్గిందట, రెండు మూడు వారాలకి మోకాలు వాచిందట, అది తగ్గి మోచేయి వాచిందట, తర్వాత దానంతటదే పోయిందట. ఎదిగే పిల్లలకి కీళ్లు నొప్పులు మామూలే అని ఊరుకున్నారట. అది రుమాటిక్ జ్వరం. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా మీద దండెత్తిన మన రక్షణ వ్యవస్థే పొరపాటున గుండె వాల్వుల మీద కూడా పడుతుంది. కీళ్ల వాపు ఆనవాలు లేకుండా పోతుంది. వాల్వుకి తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోయి, ఏళ్ల మీద రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ గొంతునొప్పికి అప్పుడే పెన్సిలిన్ పడి ఉంటే చాలు. జ్వరం వచ్చాక తెలిసినా, మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేస్తూ మళ్లీ రాకుండా కాపాడొచ్చు. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో గొంతునొప్పి తర్వాత కీళ్లు ఒకటి మార్చి ఒకటి వాస్తుంటే దయచేసి దాన్ని ఎదుగుదల నొప్పి అనుకోకండి.

ఇలా రాస్తే అందరినీ భయపెట్టినట్టు అవుతుందని ఒక స్నేహితుడు అన్నాడు. అతని మాటలో నిజం ఉంది. పిల్లల్లో వినిపించే మర్మర్లలో చాలావరకు ఏ హానీ లేనివే. పెద్దవాళ్లకి ఎకో తీస్తే 'ట్రివియల్' అని రాసి ఉండే చిన్న లీకులు ఎంతోమందిలో కనిపిస్తాయి. అది జబ్బే కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని నెలల తరబడి నిద్రపోని వాళ్లు నాకు తెలుసు. అందుకని అందరికీ ఎకో తీయాలని నేను అనడం లేదు. నేను అడుగుతున్నది అంతకంటే చాలా చిన్నది. ఆయాసం అని వచ్చిన ప్రతి మనిషికీ, ముఖ్యంగా అరవై దాటినవాళ్లకి, వయసు అనే మాట వాడేముందు ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి ఒక నిమిషం వినాలి. చొక్కా మీంచి కాదు, ఒంటి మీద. తేడా వినిపిస్తే అప్పుడు ఎకో. ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన వాల్వు బాగున్నట్టు కాదు. కొలెస్ట్రాల్ రిపోర్టు వాల్వు గురించి అసలేమీ చెప్పదు. చాలామంది ఏటా చేయించుకునే పరీక్షల కట్టలో వాల్వుని చూసేది ఒక్కటీ ఉండకపోవచ్చు. వినడం కూడా ఆలస్యం కాకూడదు. గుండె బాగా అలిసిపోయాక రక్తం తోసే జోరు తగ్గి ఆ రొద కూడా మెత్తబడిపోతుంది. జబ్బు ముదిరినప్పుడు చప్పుడు పెరుగుతుందని మనం అనుకుంటాం, ఒక్కోసారి తగ్గుతుంది.

డాక్టర్లకి ఇది చెబుతున్నాను గానీ, సగం పని ఇంట్లోవాళ్లది. ఏమైనా బాధగా ఉందా అని అడిగితే లేదనే చెబుతారు. పోయినేడు చేసి ఈ ఏడు మానేసినవి ఏమున్నాయని అడగండి. నడుస్తూ ఫోన్ మాట్లాడగలుగుతున్నారా, మెట్ల దగ్గర మిమ్మల్ని ముందు వెళ్లమంటున్నారా, వెల్లకిలా పడుకోవడం మానేశారా. వాళ్లని అడిగినా పక్కనుండేవాళ్లని కూడా విడిగా అడగండి. ఆ చిట్టా కాగితం మీద రాసి డాక్టర్ ముందు పెట్టండి. మా నాన్న చిట్టా నేను రాసి తీసుకెళ్లాకే రెండో డాక్టర్ కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

నాన్నకి వాల్వు మార్చారు. వాల్వు కృత్రిమంగా తయారుచేసి గుండెలో అమర్చడం 1960లో మొదలైంది. స్టార్ అనే సర్జన్, ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి చేసిన ఆ వాల్వు, చిన్న పంజరంలో ఎగిరిపడే బంతి. ఛాతీ కోయకుండా కాలి నాళంలోంచి పైకి పంపి పాత వాల్వులోనే కొత్తదాన్ని విప్పే పద్ధతిని 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే మొదటిసారి మనిషికి చేశారు. లోహపు వాల్వు దీర్ఘకాలం ఆగుతుంది, కానీ జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మింగాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. జంతువుల కణజాలంతో చేసినదానికి మామూలుగా ఆ బెడద ఉండదు, కాకపోతే పది పదిహేనేళ్లకి అరుగుతుంది, వయసులో ఉన్నవాళ్లకి ఇంకా త్వరగా. ఆ గర్భిణి అమ్మాయి వయసులో ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా కష్టమే. అదృష్టవశాత్తూ ఆమెకి బెలూన్‌తో అతుక్కున్న రేకుల్ని విడదీసే వీలుందన్నారు. నాన్నకి డెబ్బై రెండు కాబట్టి పెద్దగా తర్జనభర్జన లేకుండా రెండో రకమే, తొడ దగ్గర నాళంలోంచే పెట్టారు. ఇక పళ్లు పీకించుకోవాలన్నా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. నోట్లోంచి రక్తంలోకి దిగిన సూక్ష్మజీవులు కొత్త వాల్వు మీద కాపురం పెట్టకుండా.

నెల తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నేనే అడిగాను, ఇంకోసారి వినొచ్చా అని. డాక్టర్ నవ్వి గొట్టాలు నా చేతికిచ్చారు. అదే చోట పెట్టాను, రొమ్ము ఎముకకి కుడిపక్క, పైన. రంపం లేదు. మెత్తగా ఉఫ్ అన్నట్టు ఒక చిన్న చప్పుడు మిగిలింది, కొత్త వాల్వుకి అది మామూలే అన్నారు. దాని వెనకాలే, మొదటిసారి నాకు వినిపించనిది వినిపించింది. డబ్. మళ్లీ లబ్, మళ్లీ డబ్. నేను గొట్టాలు తీయకుండా అలాగే నిలబడ్డాను. నాన్న చొక్కా చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూసి అన్నారు, "ఇంకా ఎంతసేపు వింటావురా, చలేస్తోంది."